కంటిశాస్త్రమును వంటింటికి తెచ్చిన విదుషి

దీపములు పెట్టు వేళ మా వీథిలోని యొక పసిబిడ్డ నీళ్లచెంబు కొఱకు నేల తడుముచుండుట మేమొకనాడు చూచితిమి. తల్లి నడుగగా, "పగలంతా బాగానే ఆడుకుంటుందండీ, చీకటి పడితే ఈ పెంకితనం" అనెను. అది పెంకితనము గాదు, రేచీకటి. ఆ దినమున మాకు ఆంటోయినెట్ పిరీ అను విదుషి చరిత్రము జ్ఞప్తికి వచ్చినది. దానిని సోదరీమణులకు విన్నవింప నెంచితిమి.

ఈమె 1905వ సంవత్సరమున ఇంగ్లండు దేశమున జన్మించెను. కేంబ్రిడ్జిలోని న్యూనమ్ స్త్రీల కళాశాలలో చదివి, విటమినుల పరిశోధనకై 1929లో నోబెలు బహుమానము నందిన హాప్‌కిన్స్ పండితుని శాలలో రసాయనశాస్త్ర మభ్యసించెను. ఆ విద్యాపీఠము స్త్రీలకు పురుషులతో సమానముగ పట్టము లొసగుటకు 1948 వఱకు అంగీకరింపలేదని వినిన, ఆ కాలపు విద్యావతుల పట్టుదల మనకు తెలియగలదు. 1931లో ఈమె పరిణయమాడిన నార్మన్ పిరీయును శాస్త్రజ్ఞుడే. ఆకులనుండి మాంసకృత్తులను తీసి ఆహారముగ వాడవచ్చునని ఆయన పాటుపడెను.

రెండవ మహాయుద్ధకాలమున ఐడా మాన్ అను నేత్రవైద్యురాలు ఈమెను ఆక్స్‌ఫర్డుకు రప్పించెను. విషవాయువులవలన కన్నులకు కలుగు హానిని ఇరువురును పరిశోధించిరి. 1947లో అచ్చటి నేత్రపరిశోధనశాలకు పిరీయే అధిపతి యయ్యెను. 1956లో రూత్ వాన్ హైనింగెన్ అను మఱియొక విదుషితో కలిసి కంటి రసాయనశాస్త్రమునుగూర్చి గ్రంథము వ్రాసెను. 1968లో ప్రాక్టరు పతకము నందెను.

ఈమె చిరకాలము శోధించినది కంటిలోని కటకము. కటకపు బరువులో ఇంచుమించు మూడవపాలు మాంసకృత్తులే. అందు రక్తనాళములు లేవు. నడిమి భాగమున పుట్టుకతో వచ్చిన మాంసకృత్తులు కడవఱకు మారక అట్లే యుండును. అవి చెడి కరగనివైనపుడు వెలుగు చెదరి శుక్లము ఏర్పడును. తేట నేయి చలికి పేరుకొని తెల్లబడుటను తలచుకొనుడు. నేయి వెచ్చచేసిన మరల తేటపడును, కటకము తేటపడదు. శస్త్రచికిత్సయే దానికి శరణ్యము. శుక్లము పట్టిన కటకములను పిరీ లేతరంగు మొదలు ముదురు గోధుమరంగు వఱకు వరుసగ విభజించి, రంగు ముదిరినకొలది కరగని మాంసకృత్తులు హెచ్చునని 1968లో చూపెను. సూర్యరశ్మి సోకిన యెడల ఆ మాంసకృత్తులలోని ట్రిప్టోఫాను మార్పు చెందునని 1971లో ప్రకటించెను.

ఇంత విద్య గడించిన విదుషి పెద్దవయసున మన దేశపు బిడ్డలవైపు దృష్టి మరల్చెను. కంటి లోపొరయందలి యొక మాంసకృత్తు విటమిను ఎ తో కూడినగాని మసకవెలుతురున చూపు లేదు. ఆ విటమిను కొఱవడిన మొదట రేచీకటి, పిదప కంటి తెల్లభాగము పొడిబారుట, తుదకు నల్లగ్రుడ్డుపై పొర మెత్తబడి చితికిపోవుట సంభవించును. పోయిన ఆ కన్ను మరల రాదు. మధురలో వేంకటస్వామి వైద్యునితో కలిసి ఈమె 1971 ప్రాంతమున పోషణకేంద్రమునకు తోడ్పడెను. అచ్చట తల్లులు బిడ్డలతో కూడ నుండి, తమ యూళ్లలో దొరకు ధాన్యములు, పప్పులు, ఆకుకూరలతో వంట నేర్చుకొనెడివారు. 1991లో ఈమె పరమపదించెను.

సోదరీమణులారా! మునగాకును దొడ్డిలో రాల్చి ఊడ్చిపారవేయుట మా యింటను జరిగినదే. తోటకూర పేదల కూరయని పెండ్లివిందులలో వడ్డింప సిగ్గుపడినవారమే. ముదురాకుపచ్చని ఆకులందును, పండిన మామిడి బొప్పాయిలందును గల పదార్థమే దేహమున విటమిను ఎ గా మారును. కొంచెము నూనెతో వండిన అది చక్కగ వంటబట్టును.

మా వీథి బిడ్డను తల్లి మఱునాడే వైద్యునికి చూపెను. ఈ మందు మితిమీరిన కీడు చేయును గావున తనంత తాను కొని వేయలేదు. మూడవనాటి సంధ్యవేళ ఆ బిడ్డ చెంబును తానే అందుకొన్నది. తల్లి కన్నులు చెమర్చినవి. మా దొడ్డి మునగచెట్టు ఆకు ఇపుడు రెండిండ్లకు పంచుకొనుచున్నాము.