ఉక్కు బేరంలో పలుకు లెక్క

చందానగర్: పక్కనే రామచంద్రాపురం బి.హెచ్.ఇ.ఎల్., ఆ పైన పటాన్‌చెరు పారిశ్రామికవాడ. ఈ దారిలో షాఫ్టులకు, గేర్లకు కడ్డీలు అమ్మే వర్తకుడు ఒకే లావు, ఒకే తూకం గల రెండు కడ్డీలకు ధర ఎందుకు తేడాగా ఉందో చెప్పగలగాలి. కాల్చి నూనెలో ముంచాక కడ్డీ పగిలితే సరుకు తిరిగి వచ్చేది దుకాణానికే.

ఉక్కు కంటికి ఏకముద్దగా కనిపించినా, లోపల బెల్లం దిమ్మలో వలె పలుకులుంటాయి. 850 డిగ్రీల సెంటిగ్రేడ్ దరిదాపుల్లో కాల్చినప్పుడు ఇవి కొత్తగా ఏర్పడతాయి. వేడి మించినకొద్దీ, కొలిమిలో ఆలస్యమైనకొద్దీ పెద్ద పలుకులు చిన్నవాటిని మింగి పెరుగుతాయి. పలుకు ముతకబడిన ఉక్కు పెళుసు. ముంచినప్పుడు బీటలిచ్చే ప్రమాదమూ ఎక్కువ.

దీనికి అడ్డుకట్ట వేసేవి అల్యూమినియం, వనేడియం, నయోబియం, టైటానియం. ఇవి నత్రజనితోనో కర్బనంతోనో కలిసి కంటికి ఆనని కణాలై పలుకుల సరిహద్దుల్లో మేకుల్లా దిగబడతాయి. టన్ను ఉక్కులో అల్యూమినియం 200 నుంచి 500 గ్రాములుంటే చాలు. ఇ.ఎన్. 47 స్ప్రింగు ఉక్కులో వనేడియం కనీసం 0.15 శాతం. వేడి మరీ మించితే ఆ కణాలు కరిగిపోతాయి. వనేడియంవి ముందు, టైటానియంవి చివర.

నికెల్, క్రోమియం, మాలిబ్డినం పని వేరు. పలుకు సన్నమైతే గట్టిదనం లోతుకు దిగడం తగ్గుతుంది. లావు కడ్డీ పైన గట్టిగా, నడుమ మెత్తగా మిగులుతుంది. ఆ లోటు పూడ్చేవి ఈ మూడు. ఇ.ఎన్. 8లో వీటిని ప్రత్యేకించి కలపరు, ఇ.ఎన్. 24లో నికెల్ ఒక్కటే ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది. ధర తేడా ప్రధానంగా ఇక్కడిదే. మాంగనీసు చౌకగా ఇదే పని చేస్తుంది గాని, పలుకును కాపాడదు.

నిజామాబాద్ జిల్లా కోనసముద్రానికి ఉక్కు కొనవచ్చిన ఇస్ఫహాన్ వర్తకుడు కొలిమి దగ్గరుండి పని చూసుకునేవాడని డాక్టర్ వాయిసీ రాసినది 1832లో అచ్చయింది. నేటి వర్తకునికి చేతికందేది మిల్లు సర్టిఫికెట్టే. అందులో రసాయన శాతాలతోపాటు గ్రెయిన్ సైజు అంకె చూడాలి. 5, ఆపైన ఉంటే సన్నరకం. ఒక్క అంకె పెరిగితే అదే మేరలో పలుకులు రెట్టింపు. అంకె లేకపోతే, గట్టిపరచిన ముక్కను విరిపించి చూడవచ్చు. విరుపు కలకండలా మెరిస్తే ముతక, బూడిదరంగులో పట్టులా ఉంటే సన్నం.

కొన్నవారు హద్దు మీరి కాలిస్తే మంచి కడ్డీ కూడా ముతకబడుతుంది. దానిని సరైన వేడికి మళ్లీ కాల్చి గాలికి చల్లారిస్తే పలుకు తిరిగి సన్నబడుతుంది. బీట పడిన కడ్డీకి మాత్రం తుక్కు ధరే.