గిడ్డంగి కురియకుండ కాపాడుకొను విధము



రేకుల గిడ్డంగి కురియుచున్నయెడల రేకు చెడిపోయినదని తలచుట సామాన్యము. కాని పరిశీలించి చూచినచో నీరు రేకుగుండ వచ్చుట అరుదు. బోల్టు దూర్చిన రంధ్రము, రేకుపై రేకు కూడిన అతుకు, కప్పును గోడయు కలియు చోటు, కిటికీ చట్రపు అంచు, ఇవియే నీరు చొరబడు దారులు. రేకు చిరకాలము మన్నును. బోల్టు క్రింది రబ్బరు వాషరును, అతుకునందలి తారును ఎండకు బిరుసెక్కి, బీటలువారి, అంతకు చాల ముందే చెడును. కావున కప్పును కాపాడుట యనగా అతుకులను కాపాడుటయే.

చొరబడిన నీరు కొద్దియే యైనను నష్టము కొద్ది కాదు. విత్తన ధ్రువీకరణ ప్రమాణముల ననుసరించి తేమ వరి విత్తనమునందు నూటికి 13 పాళ్లకును, వేరుసెనగయందు 9 పాళ్లకును మించరాదు. చెమ్మ యెక్కిన విత్తనము పైకి బాగుగనే కనబడును. చల్లిన పిమ్మట మొలవదు. అప్పుడు పోవునది బస్తా వెల మాత్రమే కాదు, ఆ కారు పంటయే. మరియు చెమ్మగిల్లిన వేరుసెనగకు పట్టు ఒకజాతి బూజు అఫ్లటాక్సిను అను విషమును పుట్టించును. 1960వ సంవత్సరమున ఇంగ్లండులో లక్షకు మించిన టర్కీ కోళ్లు చచ్చుటకు ఇట్టి విషము గల వేరుసెనగ చెక్కయే కారణమని తేలినది. బూజు పట్టిన కాయను పశువులకైనను పెట్టరాదు.

మే నెలాఖరున, తొలకరికి ముందు, ఒకసారియు, సెప్టెంబరు నెలాఖరున మరియొకసారియు కప్పును పరీక్షింపవలెను. కోస్తా జిల్లాలవారు రెండవదానిని మరువరాదు. దివిసీమను ముంచిన 1977 నవంబరు 19 నాటి ఉప్పెనయు, విశాఖపట్నమును తాకిన 2014 అక్టోబరు 12 నాటి హుద్‌హుద్ తుపానును ఆ పిమ్మటి దినములందు వచ్చినవే. గాలివాన నిలువుగ పడదు. అడ్డముగ కొట్టి అతుకులలోనికి ఎక్కును.

లోపల మరక కనబడిన చోటికి సరిగా పైననే రంధ్రముండునని తలపరాదు. నీరు రేకు అడుగునను, దూలము వెంబడిని కొంతదూరము పారి పిదప పడును. ఒకరు లోపల నుండి చూచుచుండగా, వేరొకరు చూరునుండి మొదలిడి క్రమముగ పైకి, ఒక్కొక్క అతుకుమీద నీరు పోయవలెను. ముందుగా పైనుండి పోసినచో ఏ అతుకు కారుచున్నదో తెలియదు.

పిమ్మట చేయవలసిన పనులివి:

1. బోల్టులు రేకు మడత గట్టుమీదనే యుండవలెను; పల్లమున నీరు పారును. బిరుసెక్కిన వాషరును తీసి క్రొత్తది వేయవలెను. మిక్కిలి బిగించినచో రబ్బరు నలిగిపోవును, రేకు సొట్టపడి నీరు నిలుచును.

2. ఇనుప రేకుల అతుకులందు పాత తారుమీదనే క్రొత్త పూత పూయరాదు. పాతదానిని గీకి, తుడిచి, బాగుగ ఆరిన పిమ్మటనే పూయవలెను. దుమ్ముమీదను, తడిమీదను ఏ పూతయు నిలువదు.

3. కిటికీ చట్రమునకు పై అంచును, రెండు ప్రక్కలను మూయవలెను. అడుగున నీరు వెలుపలికి పోవు రంధ్రము లున్నచో మూయరాదు. వచ్చు దారిని మూయుట యెంత ముఖ్యమో, పోవు దారిని విడుచుటయు అంత ముఖ్యము.

4. ఆస్‌బెస్టాసు రేకులను గీకుటగాని, తొలుచుటగాని కూడదు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రాణాంతకము. వానిపై కాలు మోపినను విరుగును. దూలములమీద ఆనునట్లు పలకలు వేసికొని నడువవలెను.

వాన లేని రాత్రియందు రేకు అడుగున నీటిబొట్లు కనబడినచో అది కప్పు కురియుట కాదు. లోపలి గాలియందలి ఆవిరి చల్లని రేకునకు తగిలి నీరైనది. దానికి తారు మందు కాదు. ధాన్యమును బాగుగ ఎండబెట్టి నిలువచేయుట, పొడి దినములందు కిటికీలు తెరచుట, బస్తాలను చెక్కబల్లలమీద గోడకు రెండడుగుల ఎడముగ పేర్చుట, ఇవియే మందులు.

తన యిల్లు కురిసినచో ప్రతివాడును ఆ దినముననే నిచ్చెన యెక్కును. సంఘపు గిడ్డంగి అందరిదియు గనుక ఎవరును ఎక్కకుండుట కద్దు. కావున ప్రతి సంఘమును ఈ పనికై ఇద్దరు సభ్యులను తీర్మానముచే నియమించి, వారు చూచిన తేదీని, మార్చిన వాషర్ల సంఖ్యను పుస్తకమున వ్రాయించుట మంచిది. వాషర్ల ఖర్చు ఒక్క బస్తా విత్తనపు వెలతో పోల్చిన స్వల్పమని సభ్యులు గ్రహింతురు గాక.