చౌక బస్తీలో బతుకు చౌక కాదు

హైదరాబాద్‌లో గది కోసం వెతికే దళిత విద్యార్థికి అందరూ ఇచ్చే సలహా ఒకటే: "పార్సీగుట్ట వైపు, అడ్డగుట్ట వైపు చూడు, చౌకగా దొరుకుతాయి." నేనూ నాలుగేళ్లుగా అలాంటి ఒక బస్తీలో రేకుల గదిలోనే ఉంటున్నాను. అద్దె 5,500. సెంట్రల్ యూనివర్సిటీల్లో నాన్-నెట్ ఫెలోషిప్ కింద పీహెచ్‌డీ విద్యార్థికి వచ్చేది నెలకు 8,000. అద్దె మాత్రమే చూస్తే చౌకే. మిగతా లెక్క కూడా చూద్దాం.

ముందు కరెంటు. మా ఇంట్లో నాలుగు వాటాలు, మీటరు ఒకటే. తెలంగాణలో తక్కువ వాడే ఇంటికి మొదటి 50 యూనిట్లు ఒక్కొక్కటి 1.95 రూపాయలే. నాలుగు వాటాల వాడకం ఒకే మీటరు మీద పడితే 200 యూనిట్లు దాటుతుంది, అప్పుడు రేటు 5.10 నుంచే మొదలవుతుంది. సబ్‌మీటరు పెట్టిన ఓనరు మా దగ్గర యూనిట్‌కు 10 రూపాయలు తీసుకుంటాడు. 2024 మార్చి నుంచి తెల్లకార్డు ఉన్నవాళ్లకు గృహజ్యోతి కింద 200 యూనిట్ల వరకు ఉచితం, కిరాయిదార్లకు కూడా. కానీ 200 దాటితే మొత్తం బిల్లు కట్టాల్సిందే. అందుకే మా నాలుగు వాటాల్లో ఒక్కరికీ అది అందదు.

నీళ్లదీ ఇదే కథ. 2021 నుంచి నగరంలో నల్లా కనెక్షన్‌కు నెలకు 20,000 లీటర్లు ఉచితం. నల్లా ఓనరు పేరు మీద ఉంది. మేం మాత్రం నెలనెలా నీళ్ల డబ్బులు వేరుగా కడుతూనే ఉన్నాం.

మరి వేరేచోటికి మారొచ్చు కదా? ఇక్కడే కులం వస్తుంది. టులెట్ బోర్డు చూసి వెళ్తే అద్దె కంటే ముందు "ఇంతకీ మీరెవరు?" అని అడుగుతారు. ఊరు, ఇంటిపేరు, మాంసం తింటారా అనేవన్నీ ఆ ప్రశ్నకు మారుపేర్లే. ఢిల్లీ పరిసరాల్లో సుఖదేవ్ థోరట్ బృందం చేసి 2015లో ప్రచురించిన అధ్యయనం కూడా అద్దె ఇళ్ల దగ్గర దళితులకు, ముస్లింలకు ఎదురయ్యే తిరస్కరణను నమోదు చేసింది. కాదన్నవాళ్లంతా తిరిగి తిరిగి ఆ నాలుగైదు బస్తీలకే చేరతారు. మనకు వేరే దారి లేదని ఓనరుకు తెలుసు. ఏటా అద్దె పెంచే ధైర్యం అతనికి అక్కడినుంచే వస్తుంది.

చట్టం ఆపదా? 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం మున్సిపల్ కార్పొరేషన్ల పరిధిలో నెల అద్దె 3,500 దాటిన ఇళ్లకు వర్తించదు. ఈ రోజు ఆ లోపు అద్దెకు గది ఎక్కడ దొరుకుతుంది?

సొంతిల్లు వస్తే సమస్య తీరుతుందంటారు. 2023 జూన్‌లో కొల్లూరులో 15,660 డబుల్ బెడ్రూం ఇళ్లను ప్రారంభించారు. అవి ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర, సంగారెడ్డి జిల్లాలో ఉన్నాయి. సికింద్రాబాద్‌లో నాలుగిళ్లలో పనిచేసే అక్కకు అక్కడ ఇల్లు వస్తే అద్దె మిగులుతుంది, పని పోతుంది. బస్సు ఆడవాళ్లకు ఉచితమే. దారిలో పోయే పూట కూలిని ఎవరూ తిరిగివ్వరు.

కాబట్టి మన డిమాండ్లు అద్దె దగ్గర ఆగకూడదు. ప్రతి వాటాకూ వేరే మీటరు కావాలి. ఉచిత నీళ్ల లెక్కలో కిరాయిదారుకూ వాటా ఉండాలి. 3,500 పరిమితిని ఇప్పటి అద్దెలకు తగ్గట్టు మార్చాలి. కులం అడిగి ఇల్లు కాదనడాన్ని వివక్షగా స్పష్టంగా పేర్కొనే నిబంధన ఉండాలి. ముందుగా ఒక చిన్న పని చేద్దాం: ఈ నెల మీ బస్తీలో నాలుగు వాటాల కరెంటు, నీళ్ల లెక్క రాసి పెట్టండి. అధికారుల ముందు మాట్లాడేటప్పుడు ఆ కాగితం చేతిలో ఉండాలి.