గన్నర్ యేట్సు

బిడ్డ తనంత తాను సైన్యమునకు పోవుట వేరు. సర్కారువారు వచ్చి పట్టుకొనిపోవుట వేరు. ఈ భేదమును గూర్చి ఆస్ట్రేలియా ప్రజలు రెండుమారులు ఓట్లు వేసిరి. ఆ వాదమునకు సంబంధించిన జార్జి ఎడ్విన్ యేట్సు అను నాతని కథను నేడు మీకు మనవి చేయుదును.

యేట్సు కార్మికపక్షమువాడు. 1914 జనవరిలో జరిగిన ఉపఎన్నికలో అడిలైడు నగరము తరఫున ఆ దేశపు పార్లమెంటున ప్రవేశించెను. ఆ యేడే ఐరోపాలో మహాయుద్ధము రేగెను. నాటి శాసనము ననుసరించి ప్రభుత్వము యువకులను స్వదేశరక్షణకు నిర్బంధింపవచ్చును గాని సముద్రము దాటించి పంపరాదు. దాటిపోయినవారందరును స్వేచ్ఛగా పోయినవారే. 1916లో ఫ్రాన్సునందలి పోజియేరు ప్రాంతమున ఆరు వారములలో సుమారు 23,000 మంది ఆస్ట్రేలియా సైనికులు చనిపోయిరి, లేదా గాయపడిరి. ఆ ఖాళీలు నిండవలెనన్న నిర్బంధమే శరణ్యమని ప్రధానమంత్రి హ్యూసు తలచి, ప్రజల నడిగెను.

ఓటు స్త్రీలకును గలదు. 1916 అక్టోబరు 28న ఔననినవారు 10,87,557, కాదనినవారు 11,60,033. కోతలకు మనుష్యులు దొరకరని రైతులు వెరచిరి. కూలి పడిపోవునని కార్మికులు శంకించిరి. 1917 డిసెంబరులో మరల అడుగగా కాదనినవారి ఆధిక్యము 72,476 నుండి 1,66,588కి పెరిగెను! నన్ను ఆశ్చర్యపరచునది మాత్రము వేరొక లెక్క. మొదటిమారు సైనికులలోనే 72,399 మంది ఔననగా 58,894 మంది కాదనిరి. యుద్ధములోని బాధ నెరిగినవారి మాట యది.

కాదనువారిని పిరికిపందలని అవతలిపక్షము నిందించెను. యేట్సు నట్లనుటకు వీలులేదు. నిర్బంధమును వ్యతిరేకించిన యాతడే, నలువదియేండ్లు దాటిన వయసున, సభ్యత్వమును వదలకయే సైన్యమున చేరెను. అధికారిగా గాదు, ఫిరంగిదళమున సామాన్య సైనికుడుగా. 'గన్నర్' అను పేరు అందువలన వచ్చినదే. తాను పోయితిని గనుక అందరును పోవలెనని మాత్ర మాతడు వాదింపలేదు.

1919లో, సైనికులను తిరుగుబాటునకు పురికొల్పెనను నేరముపై సైనిక న్యాయస్థాన మాతనికి 60 దినముల ఖైదు విధించెను. ఆ డిసెంబరున ఎన్నికలో ఓడెను. గెలిచిన బ్లండెలు ఒకప్పుడు కార్మికపక్షమువాడే. నిర్బంధవివాదమున ఆ పక్షము చీలినప్పుడు ఆవలికి పోయినవాడు. 1922లో అడిలైడు ఓటర్లు బ్లండెలును దింపి, ఖైదుననుభవించి వచ్చిన గన్నరునే మరల పంపిరి. 1931 వరకు ఆ స్థాన మాతనిదే.