బ్రహ్మచారి అంటే పెళ్లి వద్దన్నవాడా?

మొన్న మా బంధువుల పెళ్లిలో కాశీయాత్ర జరుగుతోంది. పెళ్లికొడుకు గొడుగు పట్టి, పావుకోళ్లు తొడిగి బయల్దేరాడు. బావమరిది ఎదురెళ్లి, గడ్డం కింద బెల్లంముక్క పెట్టి బతిమాలుతున్నాడు. పక్కనే నిలబడ్డ మా బాబాయిని ఒకాయన ఎవరికో పరిచయం చేశారు: "ఈయన పెళ్లే చేసుకోలేదండీ, ఘోటక బ్రహ్మచారి!" గొంతులో గౌరవమే ఉంది. మాటే తప్పు.

అపోహ: బ్రహ్మచారి అంటే ప్రేమకూ పెళ్లికీ దూరంగా ఉండేవాడు.

వాస్తవం: ఆ మాటలో ప్రేమా లేదు, పెళ్లీ లేదు. ఇక్కడ బ్రహ్మ అంటే వేదం, చర్య అంటే నడవడి. వేదం చదువుకుంటూ నియమంగా నడుచుకునే విద్యార్థి బ్రహ్మచారి. ఛాందోగ్యోపనిషత్తులో శ్వేతకేతువు 12వ ఏట గురువు దగ్గరికెళ్లి 24వ ఏట ఇంటికొచ్చాడు. ఆ చదువుకాలమే బ్రహ్మచర్యం. భిక్ష తెచ్చుకోవడం, నేలమీద పడుకోవడం లాగే స్త్రీసాంగత్యం మానడమూ అందులో ఒక నియమం, అంతే. చదువు ముగించి స్నానం చేస్తే స్నాతకుడు. కాశీయాత్రకు ముందు మన పెళ్లిళ్లలో చేసే స్నాతకం అదే. విశ్వవిద్యాలయాల స్నాతకోత్సవం పేరూ అక్కణ్ణుంచి వచ్చిందే. ఇలా చదువయ్యాక ఇంటికి తిరిగొచ్చేవాడు ఉపకుర్వాణుడు. బతుకంతా గురువు దగ్గరే ఉండిపోయేవాడు నైష్ఠికుడు. ఈ రెండోవాడి అర్థమే జనంలో మిగిలింది.

అపోహ: పెళ్లయితే బ్రహ్మచర్యం పోయినట్టే.

వాస్తవం: నిషిద్ధమైన రాత్రులు విడిచిపెట్టే గృహస్థునూ మనుస్మృతి బ్రహ్మచారిగానే లెక్కించింది. 1906లో దక్షిణాఫ్రికాలో బ్రహ్మచర్య వ్రతం పట్టేనాటికి గాంధీజీకి నలుగురు కొడుకులు.

అపోహ: అది మగవాళ్ల మాట.

వాస్తవం: అథర్వవేదం 11వ కాండలో బ్రహ్మచారి మీద ఒక సూక్తమే ఉంది. కన్య బ్రహ్మచర్యంతో యువకుణ్ణి భర్తగా పొందుతుందని చెబుతుందది. పెళ్లికి అడ్డు కాదు సరికదా, పెళ్లికి దారి!

అపోహ: ఘోటక బ్రహ్మచారి అంటే గట్టి నిష్ఠ గలవాడు.

వాస్తవం: నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. ఘోటకం అంటే గుర్రం. ఆడగుర్రం దొరక్క ఊరుకున్న మగగుర్రం పాటించేది ఘోటక బ్రహ్మచర్యం. అంటే గత్యంతరం లేని నిగ్రహం. మా బాబాయికి సంబంధాలు రాకపోలేదు. ముప్ఫయ్యేళ్లు పిల్లలకు లెక్కలు చెబుతూ, ఒంటరి జీవితాన్ని కోరి ఎంచుకున్నారు. ఆ పరిచయం విని ఆయన చిన్నగా నవ్వి, అక్షింతలు తీసుకుని మండపం వైపు నడిచారు.