పాత క్యారవాన్ కొనే ముందు

పిల్లలూ! చలికాలం రాగానే ఖతర్‌లో చాలామంది ఎడారికి, సముద్రపు ఒడ్డుకి క్యాంపింగ్‌కి వెళ్తారు కదా! మెసాయీద్ దాటి సీలైన్ వైపు వెళ్తే కార్ల వెనక చిన్న ఇళ్లలాంటి క్యారవాన్లు కనిపిస్తాయి. మీ నాన్నగారు "పాతది చవకగా వస్తోంది, కొందామా?" అన్నారనుకోండి. ముందు ఏం చూడాలి? పరుపులా, ఏసీనా? కాదు, చట్రం!

చట్రం అంటే బరువంతా మోసే ఎముకల గూడు. మన ఎడ్లబండినే తీసుకోండి. ఎద్దుల మెడ మీది కాడిని నొగకి కడతారు. బండి కింద ఇరుసు, దాని రెండు చివర్లా చక్రాలు. క్యారవాన్‌కీ అంతే. ముందున్న ఇనుప నొగని కారుకి తగిలిస్తారు. రోడ్డు మీద అది విరిగితే మనకే కాదు, వెనక వచ్చేవాళ్లకీ ప్రమాదమే.

"ఇక్కడ వానలే తక్కువ, మరి తుప్పెందుకు పడుతుంది?" అంటారా? సముద్రపు గాలిలో తేమ, ఉప్పు రెండూ ఉంటాయి. సబ్‌ఖా అనే ఉప్పు నేల మీద నిలిపితే కింద నుంచీ ఉప్పు అంటుకుంటుంది.

పెద్దవాళ్లని పక్కన పెట్టుకుని ఇవి చూడండి. జాకీ మీద లేపిన బండి కిందకి మాత్రం అస్సలు దూరకండి.

1. నొగ చట్రంతో కలిసే చోట, ఇరుసు దగ్గర వెల్డింగ్ అతుకులు చూడండి. సన్నటి పగులు కనిపించినా మెకానిక్‌కి చూపించాల్సిందే.

2. పైపై తుప్పు గీకితే పోతుంది. పొరలు పొరలుగా ఊడితే ఇనుము పలచబడిపోయిందన్నమాట. సుత్తితో మెల్లగా తట్టండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది చప్పగా పలుకుతుంది.

3. గోడల లోపల ఇంకో చట్రం ఉంటుంది. పాతవాటిలో చాలావరకు అది చెక్కదే. కిటికీ మూలల్లో వేలితో నొక్కితే మెత్తగా దిగిందా? చెక్క కుళ్లినట్టే. అల్యూమినియం అయితే, అది ఇనుముకి ఆనే చోట చూడండి. తెల్లటి పొడి ఉంటే ఉప్పు తేమ దాన్ని తినేస్తోందని అర్థం.

4. కింద మాత్రమే కొత్తగా నల్లరంగు వేశారా? ఎందుకు వేశారో అడగండి. "పైన పటారం, లోన లొటారం" అని మన పెద్దలు ఊరికే అనలేదు!

పరుపు చిరిగితే మార్చుకోవచ్చు, ఏసీ పాడైతే బాగుచేయించవచ్చు. చట్రం పోతే మాత్రం ఖర్చు బండి ధరనే మించిపోవచ్చు. అందుకే బేరం తర్వాత, చట్రం ముందు.

మీ పని: ఈసారి ఫోన్‌లో తాతయ్యనో అమ్మమ్మనో అడగండి. వాళ్ల ఊళ్లో ఎడ్లబండి నొగ, ఇరుసు దేనితో చేసేవాళ్లు? వాళ్లు చెప్పింది నాలుగు వాక్యాల్లో రాయండి.