ఒకే జొన్న, ఎన్నో రొట్టెలు

హాస్టల్‌లో చేరిన కొత్తలో మా అమ్మ మూట కట్టిచ్చిన జొన్నరొట్టెలను ట్రంకుపెట్టె చాటున తినేవాణ్ణి. ఎవరైనా చూస్తే నవ్వుతారని భయం. నవ్వేవాళ్ళ ఇళ్ళలోనూ అవే రొట్టెలని తర్వాత తెలిసింది.

మిత్రులారా, జొన్న మన పాలమూరు చెలకల్లో పుట్టింది కాదు. దాని పుట్టిల్లు ఆఫ్రికాలోని సూడాన్ ప్రాంతం. అక్కడ 5000 ఏళ్ళ కిందటే సాగు చేసిన ఆనవాళ్ళు దొరికాయి. గోధుమపిండికున్న సాగే గుణం జొన్నపిండికి లేదు, కర్రతో ఒత్తితే చీలిపోతుంది. అందుకే మన అమ్మలు మరిగే నీళ్ళు పోసి పిసికి, చేత్తో చరుస్తారు. కృష్ణ దాటి రాయచూరు వెళ్తే అదే జోళద రొట్టి, మహారాష్ట్రలో భాక్రీ. సూడాన్ తల్లులు మాత్రం పిండిని పులియబెట్టి, పెనం మీద పలుచగా పరిచి 'కిస్రా' చేస్తారు. చైనావాళ్ళు జొన్నతో సారా కాస్తారు! (హాస్టల్ పత్రిక కాబట్టి ఆ విధానం రాయడం లేదు.)

మరి ఈ గింజ మన పళ్ళెంలోంచి ఎందుకు తప్పుకుంది? 1967లో సాగర్ కాలువలకు నీళ్ళు వదిలాక మిర్యాలగూడ వైపు వరి పరుచుకుంది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం మెట్ట ఊళ్ళకూ చేరింది. దాన్ని తప్పు పట్టను. పండుగనాడే వరి బువ్వ చూసిన ఇళ్ళు మావి, హాస్టల్ అన్నమే నన్ను చదివించింది. కానీ అన్నం గొప్పింటిది, రొట్టె పేదింటిది అని మాకెవరు నేర్పారు?

ఇప్పుడు హైదరాబాద్‌లో సాయంత్రమైతే రోడ్డు పక్కన జొన్నరొట్టెల కోసం జనం నిలబడుతున్నారు. డాక్టరు చెప్పాకే రొట్టె గుర్తొచ్చినవాళ్ళు వాళ్ళలో చాలామంది. ఆ వరుసలో నేనూ ఉన్నాను.